పికప్ ట్రక్కు మీద స్నోమొబైల్ డెక్, ర్యాంప్ సొంతంగా కట్టుకోవడం ఎలా

స్నోమొబైల్ (మంచు మీద నడిచే బండి, దీన్నే స్లెడ్ అని కూడా అంటారు) పొడవు పది, పదకొండు అడుగులు ఉంటుంది. పికప్ తొట్టి చూస్తే మామూలుగా ఆరున్నర అడుగులు, కొన్నింటిలో ఐదున్నరే. పైగా తొట్టి లోపల వెనక చక్రాల మీదుగా పొడుచుకొచ్చే ఉబ్బుల మధ్య 50 అంగుళాల చోటు ఉంటుందేమో, అంతే. కాబట్టి నేరుగా తొట్టిలోకి ఎక్కిస్తే పట్టేది ఒక్క స్లెడ్డే, అదీ తోక బయటికి వేలాడుతూ టెయిల్‌గేట్ (తొట్టి వెనక తలుపు) మీద బరువు మోపుతూ ఉంటుంది. ట్రెయిలర్ ఉంటే ఈ బాధ లేదు గానీ, మంచు పేరుకున్న కొండ రోడ్డు మీద దాన్ని లాగడం, ఇరుకు పార్కింగులో వెనక్కి తిప్పడం, రోడ్డు మీద చల్లిన ఉప్పంతా స్లెడ్ల అడుగున అంటుకోవడం, ఇవన్నీ వేరే తలనొప్పి. డెక్ అయితే తొట్టి అంచులకు కాస్త పైన బల్లలా పరుచుకుంటుంది, రెండు స్లెడ్లు పక్కపక్కన నిలబడతాయి, కింద తొట్టిలో పెట్రోలు డబ్బాలు, పారలు, సామాన్లు, మడిచిన ర్యాంప్ అన్నీ పడతాయి.

పని మొదలుపెట్టే ముందు ఒక విషయం గట్టిగా మనసులో పెట్టుకోండి. డెక్‌కి అసలు పరీక్ష హైవే మీద కాదు, ఎక్కించేటప్పుడే. రోడ్డు మీద రెండు స్లెడ్ల బరువూ కాళ్లన్నింటికీ పంచుకుని ఉంటుంది. ఎక్కించే ఆ రెండు మూడు సెకన్లలో మాత్రం స్లెడ్డూ, దాని మీది మనిషీ, ఆ బరువంతా డెక్ వెనక అంచు మీదే పడుతుంది, అదే సమయంలో ట్రాక్ (స్లెడ్ అడుగున తిరుగుతూ దాన్ని నడిపే రబ్బరు పట్టా) ర్యాంప్‌ను వెనక్కి తన్నుతుంది, డెక్ ముందు భాగం పైకి లేవాలని చూస్తుంది. దూలం మందం దగ్గర నుంచి పిన్నుల దాకా కింద నేను చెప్పేదంతా ఆ రెండు మూడు సెకన్ల కోసమే.

ముందు బరువు లెక్క

డ్రైవర్ తలుపు తీస్తే ద్వారబంధం మీద ఒక స్టిక్కర్ కనిపిస్తుంది. మనుషులు, సామాను కలిపి ఎంత బరువు మించకూడదో దాని మీద ఉంటుంది. మీ ట్రక్కు మోడల్ గురించి ప్రకటనలో చూసిన సంఖ్య కాదు, ఆ స్టిక్కర్ మీది సంఖ్యే మీకు లెక్క. హాఫ్ టన్ అని పిలిచే ట్రక్కుల్లో చాలావాటికి అది 650 నుంచి 900 కిలోల మధ్య ఉంటుంది.

ఇప్పుడు కూడికలు వేయండి. స్లెడ్ కంపెనీలు చెప్పేది పొడి బరువు, సుమారుగా 200 నుంచి 270 కిలోలు. దానికి ట్యాంకు నిండా పెట్రోలు, ఆయిలు, వెనక కట్టిన బ్యాగు, సాయంత్రానికి సస్పెన్షన్‌లో గడ్డకట్టిన మంచు కలిపితే ఒక్కోటి 300 కిలోలు అనుకోవడమే క్షేమం. చెక్క డెక్ 150 కిలోలు, ర్యాంప్ 50, ఇద్దరు మనుషులు బట్టలూ బూట్లతో 180. ఒక్క స్లెడ్‌తోనే 680 అయింది. రెండో స్లెడ్ వేస్తే 980. అంటే హాఫ్ టన్ ట్రక్కున్నవాళ్లు చాలామంది ఒక స్లెడ్‌తోనే ఆగాలి, రెండు కావాలంటే త్రీ క్వార్టర్ టన్ ట్రక్కు ఉండాలి. స్ప్రింగులకు ఎయిర్ బ్యాగులు వేస్తే ట్రక్కు కుంగకుండా చూడటానికి బాగానే ఉంటుంది గానీ ఆ స్టిక్కర్ మీది అంకె మారదు, యాక్సిలూ బ్రేకులూ టైర్లూ అవే కదా.

ఇక్కడ చెప్పే కొలతలు ఆరున్నర అడుగుల తొట్టి, రెండు స్లెడ్ల డెక్ అనుకుని ఇస్తున్నాను. ఒకే స్లెడ్ అయితే వెడల్పు సగానికి కాస్త ఎక్కువ చేసుకుని, డెక్‌ను సరిగ్గా ట్రక్కు మధ్యకు తెచ్చుకోండి, మిగతా పద్ధతంతా అదే.

కొలతలు తీయడం

టేపు పట్టుకుని ఇవి రాసుకోండి: తొట్టి పొడవు, లోపలి వెడల్పు, నేల నుంచి అంచు దాకా లోతు (ఫుల్ సైజు ట్రక్కుల్లో 20, 22 అంగుళాలు), చక్రాల ఉబ్బులు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తున్నాయి, వాటి ఎత్తు ఎంత, రోడ్డు మీద నుంచి తొట్టి అంచు ఎత్తు ఎంత. ఆ తర్వాత స్లెడ్ దగ్గరికి వెళ్లి రెండు స్కీల (ముందు వైపు మంచు మీద జారే పలకలు) బయటి అంచుల మధ్య వెడల్పు, స్కీ ముక్కు నుంచి వెనక బంపర్ దాకా పొడవు, హ్యాండిల్ ఎత్తు తీసుకోండి. కొండల్లో నడిపే స్లెడ్లకు స్కీల మధ్య దూరం 36 అంగుళాల దగ్గర ఉంటుంది, ట్రెయిల్ స్లెడ్లకు 42, 43. ఈ తేడా తర్వాత ర్యాంప్ దగ్గర చాలా పని చెబుతుంది.

డెక్ వెడల్పు 96 అంగుళాలు, పొడవు 96 అంగుళాలు పెట్టుకుందాం. దానికి రెండు కారణాలున్నాయి. ఒకటి, 4 అడుగుల వెడల్పు 8 అడుగుల పొడవున్న ప్లైవుడ్ షీట్లు రెండు పక్కపక్కన వేస్తే కోత లేకుండా సరిపోతుంది. రెండోది చట్టం. అమెరికాలో పెద్ద హైవేల మీద వాహనం వెడల్పు పరిమితి 102 అంగుళాలు, కొన్ని రాష్ట్రాల్లో చిన్న రోడ్ల మీద 96, కెనడాలో 2.6 మీటర్లు. బయటికి పొడుచుకొచ్చే స్కీ చివర, స్ట్రాప్ కొక్కెం కూడా ఆ వెడల్పులోకే వస్తాయి కాబట్టి చివరి అంగుళం దాకా వాడుకోవాలని చూడకండి.

దూలాలు, కాళ్లు

చెక్కా, ఇనుమా, అల్యూమినియమా? అల్యూమినియం తేలిక, తుప్పు పట్టదు, కానీ ఖరీదు, వెల్డింగ్ కూడా కష్టం. ఇనుము బలంగా ఉంటుందని చాలామంది 2 అంగుళాల చదరపు ట్యూబు వైపు మొగ్గుతారు, అది అడుగుకు దాదాపు 1.4 కిలోలు తూగుతుంది, ఇంత డెక్‌కి 130 అడుగులైనా పడుతుంది, ఫ్రేమే 180 కిలోలు. అదే పనికి చెక్క ఫ్రేము వందలోపే అవుతుంది. చెక్క అంటే బరువు అనుకుంటాం గానీ ఇక్కడ లెక్క తిరగబడుతుంది. అందుకే నా ఓటు చెక్కకే, ఇనుము అవసరమైన నాలుగు చోట్ల మాత్రం ఇనుము.

ఇల్లు కట్టినట్టే దూలాలు, వాటి మీద అడ్డంగా వాసాలు. తొట్టి లోపల రెండు పక్కల గోడలకు దగ్గరగా, ట్రక్కు మధ్య గీత నుంచి సుమారు 30 అంగుళాల దూరంలో, ముందు నుంచి వెనక్కి రెండు దూలాలు వేయాలి. ఒక్కో దూలం రెండు 2×6 (అంగుళాల్లో మందం, వెడల్పు) చెక్కలను కలిపి బోల్టులు బిగించింది. రెండు స్లెడ్లు పక్కపక్కన పెట్టినప్పుడు ఒక్కోదాని మధ్య గీత ట్రక్కు మధ్య నుంచి 24 అంగుళాల దూరంలో వస్తుంది, అంటే బరువు దాదాపు దూలం మీదే కూర్చుంటుంది. మధ్యలో మూడో దూలం, దానికి కాళ్లు పెట్టాల్సిన పని లేదు, ర్యాంప్ లోపలికి తోయడానికి దారి మిగులుతుంది.

కాళ్లకు 4×4 గుంజలు వాడండి. ఒక్కో దూలం కింద నాలుగు: తొట్టి ముందు గోడ దగ్గర, చక్రం ఉబ్బుకు ముందు, ఉబ్బు దాటాక, తొట్టి వెనక చివర. దూలం పై అంచు తొట్టి అంచుకన్నా కనీసం ఒక అంగుళం ఎత్తులో ఉండేలా గుంజలు కోయాలి. ఈ అంగుళం చాలా ముఖ్యం. తొట్టి పక్క అంచులు పల్చటి రేకు, అవి బరువు మోయడానికి చేసినవి కావు, డెక్ ఊగినప్పుడు కూడా వాటికి తగలకూడదు. దూలం గుంజ మీద ఊరికే కూర్చోకుండా, గుంజ పైభాగాన్ని అంగుళంన్నర లోతు చెక్కి దూలాన్ని అందులో కూర్చోబెట్టి, అడ్డంగా అర అంగుళం బోల్టులు రెండేసి బిగించండి. బోల్టులు, నట్లు, వాషర్లు అన్నీ హాట్ డిప్ గాల్వనైజ్డ్ లేదా స్టెయిన్‌లెస్. స్క్రూలు ప్లైవుడ్ పట్టుకోవడానికి మాత్రమే, బరువు మోసే ఏ కీలకమైన జాయింటునూ స్క్రూల మీద వదలకండి.

గుంజ అడుగున ఒక చదరపు ఇనుప ప్లేటు, దాని కింద మందపాటి రబ్బరు ముక్క వేయండి. తొట్టి నేల గాడులు గాడులుగా ఉంటుంది కదా, ప్లేటు కనీసం రెండు మూడు గట్ల మీద ఆనేంత వెడల్పుండాలి. కిందికి దూరి చూడండి, తొట్టి నేలకు అడ్డంగా మోసే బద్దలు ఎక్కడున్నాయో కనిపిస్తుంది, వీలైనంతవరకు కాళ్లు వాటి మీదకు వచ్చేలా జరుపుకోండి. ఫోర్డ్ ఎఫ్-150లో 2015 మోడల్ నుంచి తొట్టి అల్యూమినియం, అలాంటిదాని మీద ఇనుము నేరుగా ఆనితే ఉప్పు నీళ్లు చేరి ఆ చోట అల్యూమినియం తినేస్తుంది, కాబట్టి రబ్బరు తప్పనిసరి. రాగి కలిసిన మందు పట్టించిన ట్రీటెడ్ చెక్క కూడా అల్యూమినియానికి తగలకూడదు.

ఇక దూలాల మీద వాసాలు. 8 అడుగుల 2×4 చెక్కలు, నిలువుగా నిలబెట్టి, 16 అంగుళాలకు ఒకటి చొప్పున అడ్డంగా. ఇవి తొట్టి అంచుల మీదుగా రెండు వైపులా బయటికి వెళతాయి, చివరలన్నింటినీ కలుపుతూ చుట్టూ ఒక 2×4 పట్టీ. ప్రతి వాసాన్నీ దూలానికి ఇనుప యాంగిల్ ముక్కతో కట్టండి. వెనక చివరి వాసం మాత్రం 2×4 కాదు, రెండు 2×6లు కలిపి వేయండి, ర్యాంప్ తగులుకునేది దానికే. దాని పై అంచు మిగతా వాసాలతో సమంగా వచ్చేలా దూలం చివర్లు ఆ మేరకు తగ్గించుకోండి, లేదా ఆ వాసాన్ని దూలాల చివరలకు ఎదురుగా ఆనించి పెద్ద యాంగిళ్లతో బిగించండి. రెండోదే సులువు.

తొట్టి పొడవు 78 అంగుళాలు, డెక్ 96. అంటే వెనక ఒకటిన్నర అడుగు గాల్లో ఉంటుంది. టెయిల్‌గేట్ తీసేయాలి. రివర్స్ కెమెరా చాలా ట్రక్కుల్లో టెయిల్‌గేట్ హ్యాండిల్‌లోనే ఉంటుంది కాబట్టి దాన్ని బంపర్ మీదికో డెక్ అంచు కిందికో మార్చుకునే ఏర్పాటు ముందే చూసుకోండి.

చివరగా ఊగుడు. నిలువు కాళ్లు ఎంత లావుగా ఉన్నా, బ్రేకు గట్టిగా వేస్తే పైన 600 కిలోలు ముందుకు తోస్తాయి, అప్పుడు కాళ్లన్నీ ఒకేసారి ఒరిగిపోతాయి. ప్రతి వైపునా ముందు జత కాళ్ల మధ్య, వెనక జత కాళ్ల మధ్య ఏటవాలుగా చెక్క బద్దలు వేయండి, లేదా ముప్పావు అంగుళం ప్లైవుడ్ ముక్కలను లోపలి వైపు బిగించండి. అడ్డంగా కూడా ముందు గోడ దగ్గర ఎడమ కాలినీ కుడి కాలినీ కలిపే ఒక ప్లైవుడ్ పలక వేస్తే అది పక్క ఊగుడు ఆపుతుంది, తొట్టి ముందు గోడకు వెడల్పుగా ఆనుకుని బ్రేకు తోపునూ తీసుకుంటుంది.

ట్రక్కుకు కట్టడం

స్లెడ్ ముందు భాగం డెక్ ఎక్కి, ట్రాక్ ఇంకా వెనక అంచు మీద ఉన్నప్పుడు ఏం జరుగుతుందో ఊహించుకోండి. వెనక కాళ్లు ఇరుసులా పనిచేస్తాయి. వాటికి వెనక, గాల్లో ఉన్న ఒకటిన్నర అడుగు మీద 400 కిలోలు. ముందు కాళ్లు నేల వదిలి లేవాలని చూస్తాయి. డెక్ సొంత బరువు కొంత ఆపుతుంది, పూర్తిగా దాని మీద నమ్మకం పెట్టుకోలేం.

కాబట్టి నాలుగు మూలలా కింది ఛాసిస్‌కి కట్టాలి. తొట్టి గోడలకు ఫ్యాక్టరీ ఇచ్చే చిన్న రింగులు సామాన్లు కట్టుకోవడానికి బాగుంటాయి, ఈ పనికి చాలవు. ఛాసిస్‌కి బిగించే బ్రాకెట్లు, క్యాంపర్లు కట్టడానికి వాడే రకం, దొరుకుతాయి. వాటి నుంచి దూలాలకు టర్న్ బకిల్స్ (తిప్పితే బిగిసే మరల కడ్డీలు) వేసి బిగించండి. అలా కాకుండా తొట్టి నేలకు రంధ్రాలు చేసి బోల్టులు వేస్తానంటే, డ్రిల్లు పెట్టే ముందు ప్రతి రంధ్రం కింద ఏముందో వంగి చూడండి. పెట్రోలు ట్యాంకు, బ్రేకు గొట్టాలు, వైర్లు సరిగ్గా ఆ చోటనే పోతుంటాయి. బోల్టు కింద చిన్న వాషర్ కాదు, అరచేతి వెడల్పు ప్లేటు ఉండాలి, లేకపోతే రేకును చీల్చుకుని పైకి వచ్చేస్తుంది. ఛాసిస్‌కి మాత్రం కొత్త రంధ్రాలు చేయొద్దు, ఉన్నవాటినే వాడుకోండి.

బిగించాక వెనక అంచు మీద ఇద్దరు ముగ్గురు నిలబడి కొద్దిగా గెంతండి, ముందు కాళ్ల దగ్గర ఇంకొకరు చూస్తూ ఉండాలి. రబ్బరు ముక్క, నేల మధ్య కాగితం దూరేంత సందు వచ్చినా ముందు టర్న్ బకిల్స్ ఇంకా బిగించాలని అర్థం.

పైన పరుపు

ముప్పావు అంగుళం ప్లైవుడ్, బయట వాడే జిగురుతో చేసింది. నీళ్లు లోపలికి వెళ్లేది పై ముఖం నుంచి కాదు, కోసిన అంచుల నుంచి, స్క్రూ రంధ్రాల నుంచి. అందుకే బిగించక ముందే అంచులకు రెండు మూడు పూతలు పెయింటు పట్టించి ఆరబెట్టండి, తర్వాత ముఖాలకు వేయండి. రెండు షీట్ల మధ్య పావు అంగుళం సందు వదిలితే కరిగిన నీళ్లు దిగిపోతాయి.

స్కీల అడుగున కార్బైడ్ (చాలా గట్టి పదార్థం) అంచున్న కడ్డీలు, రన్నర్లుంటాయి, ప్లైవుడ్‌ను ఒక్క సీజన్లో దున్నేస్తాయి. స్కీలు నడిచే దారిలో ముందు నుంచి వెనక్కి అర అంగుళం మందం హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ పట్టీలు వేయండి, ఒక్కోటి 8, 10 అంగుళాల వెడల్పుంటే వేర్వేరు స్లెడ్లకు కూడా సరిపోతాయి. స్కీ జారుతుంది, చెక్క బతుకుతుంది. ఈ ప్లాస్టిక్‌తో ఒక చిక్కుంది. వేడికి, చలికి ఇది ఇనుముకన్నా దాదాపు పది రెట్లు సాగుతుంది, ముడుచుకుంటుంది. 8 అడుగుల పట్టీలో ఎండాకాలానికీ గడ్డకట్టే చలికీ మధ్య తేడా అర అంగుళం దాకా వస్తుంది. గట్టిగా బిగించేస్తే వేసవిలో పట్టీ మధ్యలో విల్లులా లేస్తుంది, చలికాలంలో స్క్రూలను కోస్తుంది. కాబట్టి ముందు చివర ఒక్క చోట మాత్రమే గుండ్రటి రంధ్రం చేసి బిగించి, మిగతావన్నీ కోలగా కోసి, స్క్రూ తల లోతుగా దిగేలా గుంట చేసి, పట్టీ జరగడానికి వీలుగా బిగించండి. తల పైకి కనిపిస్తే కార్బైడ్ దాన్ని పట్టుకుంటుంది.

ట్రాక్ నిలబడే మధ్య భాగంలో మాత్రం ప్లాస్టిక్ వద్దు. అక్కడ ఇసుక కలిపిన పెయింటో, రబ్బరు చాపో ఉంటే ట్రాక్‌కూ, మీ బూట్లకూ పట్టు దొరుకుతుంది.

ముందు అడ్డు

క్యాబిన్ వెనక అద్దానికీ స్కీ ముక్కులకూ మధ్య ఏదో ఒకటి ఉండి తీరాలి. 2 అంగుళాల ఇనుప ట్యూబుతో డెక్ వెడల్పంతా ఒక చట్రం చేసి, దాన్ని నేరుగా రెండు దూలాలకూ బోల్టులతో కట్టండి, ప్లైవుడ్‌కి కాదు. ఎత్తు స్కీ ముక్కు వంపు మొత్తాన్ని ఆపేంత ఉండాలి, కిందికి కూడా ఏటవాలు ఊతలు వెనక్కి వేయాలి. వించ్ (తాడు చుట్టుకుంటూ లాగే యంత్రం) పెట్టుకోవాలనుకుంటే దాని ప్లేటు కూడా ఈ చట్రానికే, ఒక్కో స్లెడ్ మధ్య గీతకు ఎదురుగా.

వించ్ పెట్టుకోమనే చెబుతాను. స్నోమొబైల్ క్లచ్ చాలా స్లెడ్లలో 3,000 నుంచి 4,000 ఆర్‌పీఎం మధ్య గానీ పట్టుకోదు, అప్పటిదాకా ఏమీ ఉండదు, పట్టుకున్నాక ఒక్కసారిగా కదులుతుంది. మోటార్ సైకిల్‌లా మెల్లగా పాకించడం దీనికి అలవాటు లేదు. ఎత్తు మీదికి, ఎదురుగా క్యాబిన్ అద్దం ఉండగా, థ్రాటిల్‌తో ఎక్కించడం కన్నా వించ్‌తో లాగడం నెమ్మదే గానీ టెన్షన్ లేని పని.

ర్యాంప్

రోడ్డు మీద నుంచి డెక్ ఎత్తు దాదాపు 60 అంగుళాలు వస్తుంది. 8 అడుగుల ర్యాంప్ వేస్తే వాలు 39 డిగ్రీల దగ్గర ఉంటుంది, అది గోడ. 10 అడుగులకు 30 డిగ్రీలు, 12 అడుగులకు 25. పొడవు పెరిగేకొద్దీ ఎక్కడం సులువవుతుంది, మోయడం కష్టమవుతుంది. 10 అడుగుల దగ్గర ఆగడం సబబు, మిగతా పని మంచు గట్టు చేస్తుంది: పార్కింగులో మంచు పక్కకు తోసిన గట్టు ఉంటే ట్రక్కు వెనక భాగాన్ని దానికి ఎదురుగా పెట్టండి, ర్యాంప్ కాలు రెండడుగుల ఎత్తులో ఆనితే 60 కాస్తా 36 అయిపోతుంది, వాలు 17, 18 డిగ్రీలకు దిగుతుంది.

వెడల్పు కొండ స్లెడ్‌కి 48 అంగుళాలు చాలు, అది మడిచి చక్రాల ఉబ్బుల మధ్య తొట్టి నేల మీదే పెట్టేసుకోవచ్చు. ట్రెయిల్ స్లెడ్‌కి 54 కావాలి, అది ఉబ్బుల మధ్య పట్టదు. అప్పుడు ఉబ్బుల ఎత్తుకు కాస్త పైన కాళ్లకు లోపలి వైపు బద్దలు వేసి వాటి మీద ర్యాంప్‌ను తోయాలి, ఆ పైన దూలాలు దాకా మిగిలే సందు ఏడెనిమిది అంగుళాలే కాబట్టి ముందు కొలిచి ఆ తర్వాతే ర్యాంప్ మందం నిర్ణయించుకోండి. కాళ్ల మధ్య వెడల్పు కూడా చూసుకోండి.

ర్యాంప్‌కి మాత్రం అల్యూమినియమే. 6061-టీ6 రకం, 3 అంగుళాల ఎత్తు 2 అంగుళాల వెడల్పు ట్యూబులు పొడవునా మూడు, రెండు అంచులకూ ఒకటి సరిగ్గా మధ్యలో ట్రాక్ కిందికి. అడ్డంగా అంగుళంన్నర చదరపు ట్యూబులు 8 అంగుళాలకొకటి, పై అంచుతో సమంగా, పొడవు ట్యూబుల మధ్య ఇమిడేలా. ఈ అల్యూమినియం వెల్డ్ చేస్తే ఆ చోట బలం దాదాపు సగం పోతుంది, అందుకని అడ్డపట్టీలను చిన్న యాంగిల్ ముక్కలతో, స్టెయిన్‌లెస్ బోల్టులతో బిగించడమే మేలు. స్కీ దారుల్లో రెండు వైపులా అదే ప్లాస్టిక్ పట్టీ పొడవునా, మధ్యలో 20 అంగుళాలు ఖాళీగా వదిలేయండి, ట్రాక్ పళ్లు అడ్డపట్టీలను పట్టుకుని ఎక్కుతాయి.

ఇప్పుడు మడత. 10 అడుగుల ర్యాంప్ మధ్యకు మడవాలి, ఇక్కడ కీలు ఏ వైపు పెడతారన్నది ప్రాణం మీదికి వచ్చే విషయం. కీలు అడుగు వైపు ఉండాలి. బరువు పడగానే ర్యాంప్ మధ్యలో కుంగాలని చూస్తుంది, అప్పుడు పై వైపు రెండు ముక్కల చివర్లూ ఒకదానికొకటి గట్టిగా ఒత్తుకుంటాయి, అడుగున కీలు లాగి పట్టుకుంటుంది. ఎంత బరువు పడితే అంత బిగుస్తుంది. అదే కీలు పై వైపు పెడితే అడుగున సందు తెరుచుకుంటుంది, ఆపేది ఏదీ ఉండదు, స్లెడ్‌తో సహా కిందికి మడత పడిపోతుంది. మూడు పొడవు ట్యూబులకూ మూడు కీళ్లు, మందపాటి ఇనుప ప్లేటుతో చేసినవి, ట్యూబు లోపల దిమ్మ పెట్టి అడ్డంగా బోల్టులు. ఇనుమూ అల్యూమినియమూ తగిలే చోట పల్చటి రబ్బరో ప్లాస్టిక్కో పెట్టండి. మడిచినప్పుడు అడుగు భాగాలు ఒకదానికొకటి ఎదురుగా వస్తాయి.

కీలు దగ్గరే కిందికి ఒక ఊతకాలు కూడా ఉండాలి, ఎత్తు మార్చుకునేలా రంధ్రాలు, పిన్ను, మంచులో దిగిపోకుండా అడుగున వెడల్పు పలక.

డెక్‌కు తగిలించేది ఎలా అంటే, వెనక చివరి 2×6ల మీద అంచు పొడవునా ఒక అంగుళం ఇనుప పైపును అంచు నుంచి అంగుళం ఎడంగా ఉండేలా బ్రాకెట్లతో బిగించండి. ర్యాంప్ పై చివర మూడు ఇనుప కొక్కేలు ఆ పైపు మీద కూర్చుంటాయి, ర్యాంప్‌ను ఎడమ స్లెడ్ దగ్గరికీ కుడి స్లెడ్ దగ్గరికీ పైపు వెంట జరుపుకోవచ్చు. కొక్కెం కూర్చున్నాక దాని కింద, పైపుకు అవతల నుంచి ఒక పిన్ను దూర్చాలి, అప్పుడే కొక్కెం ఎగిరి బయటికి రాదు. పిన్ను కాక ర్యాంప్ రెండు పక్కల నుంచీ ట్రక్కు వెనక ట్రెయిలర్ తగిలించే హిచ్‌కు రెండు స్ట్రాపులు కూడా వేయండి. ట్రాక్ వెనక్కి తన్నినప్పుడు విడిగా ఆనించిన ర్యాంప్ జారిపోయి ప్రమాదాలు జరుగుతాయి.

ఎక్కించడం, దించడం

ట్రక్కు చదునైన చోట ఉంచి, పార్కింగ్ బ్రేకు వేసి, ముందు చక్రాలకు దిమ్మలు పెట్టండి. స్లెడ్ ఎక్కుతుంటే వెనక స్ప్రింగులు కుంగుతాయి, ర్యాంప్ కాలు వెనక్కి జరగాలని చూస్తుంది, దాన్ని మంచులో కాస్త తవ్వి కూర్చోబెట్టండి. ర్యాంప్ వెనకా పక్కనా ఎవరూ నిలబడకూడదు, పిల్లలు అసలే వద్దు.

థ్రాటిల్‌తోనే ఎక్కించేట్టయితే హెల్మెట్ పెట్టుకుని, కిల్ స్విచ్ (లాగితే ఇంజిన్ ఆపేసేది) తాడు ఒంటికి తగిలించుకుని, చదును నేల మీద నుంచే ర్యాంప్ మధ్య గీతకు వరస కలుపుకుని రండి. ర్యాంప్ మీద థ్రాటిల్ తగ్గించి మళ్లీ పెంచొద్దు, ఒకే తీరున రావాలి. ట్రాక్ మధ్య భాగం డెక్ అంచు దాటే క్షణంలో ముక్కు దబ్బున కిందికి దిగుతుంది, అప్పుడు థ్రాటిల్ పూర్తిగా వదిలేయండి. మధ్యలో ఆగిపోతే అక్కడి నుంచి మళ్లీ ఎక్కించే ప్రయత్నం చేయకుండా, బ్రేకు మీద మెల్లగా వెనక్కి దిగి మళ్లీ మొదలుపెట్టండి.

దించేటప్పుడు రివర్స్‌లో వెనక వేలాడే స్నో ఫ్లాప్‌ను (మంచు ఎగరకుండా ఆపే తెర) ట్రాక్ కిందికి లాక్కుపోతుంది, దాన్ని ముందే పైకి మడిచి కట్టేయండి.

బిగించడం, రోడ్డు మీదికి

ముందు రెండు స్కీల మీదుగా అడ్డంగా ఒక ఇనుప పట్టీ, మధ్యలో దూలాలకు కట్టిన ప్లేటులోకి దిగే పెద్ద బోల్టుతో కిందికి నొక్కాలి. వెనక బంపర్ నుంచి రెండు ర్యాచెట్ స్ట్రాపులు, ఎడమకొకటి కుడికొకటి, డెక్ కిందున్న దూలానికి బిగించిన రింగులకు. సస్పెన్షన్ కొద్దిగా కుంగేదాకా లాగితే చాలు.

డెక్ 8 అడుగులు, స్లెడ్ పదిన్నర కాబట్టి తోక బయటికి ఉంటుంది. మొత్తం కలిపి బంపర్ నుంచి ఎంత వస్తుందో కొలవండి, చాలా చోట్ల మూడు నాలుగు అడుగులు దాటితే ఎర్ర జెండా కట్టాలి, చీకట్లో ఎర్ర లైటు. డెక్ మీది స్లెడ్లు క్యాబిన్ వెనక ఉండే మూడో బ్రేకు లైటును కప్పేస్తాయి, వెనక అంచుకు ఇంకొకటి పెట్టుకోండి. అమెరికాలో వెడల్పు 80 అంగుళాలు, అంతకు మించినా ముందు పక్కల పసుపు, వెనక ఎర్ర క్లియరెన్స్ లైట్లు కావాలి, ఎల్‌ఈడీ రకం సులువుగా దొరుకుతాయి. సైడ్ అద్దాల్లో డెక్ మూల ఎంత అడ్డొస్తుందో కూర్చుని చూసుకోండి.

స్లెడ్‌తో కలిపి ఎత్తు తొమ్మిది అడుగులు దాటుతుంది. కచ్చితంగా కొలిచి ఒక కాగితం మీద రాసి స్టీరింగ్ ఎదురుగా అంటించుకోండి, బేస్‌మెంట్ పార్కింగులు, తక్కువ ఎత్తు పైకప్పులు ఇక మీకు లేనట్టే. పక్క గాలికి ట్రక్కు మునుపటికన్నా ఎక్కువ ఊగుతుంది, వంపుల్లో వేగం తగ్గించండి. బయల్దేరే ముందు స్లెడ్ల మీది మంచు పెళ్లలు దులపండి, హైవే మీద అవి ఊడి వెనక వచ్చే కారు అద్దానికి తగులుతాయి.

మొదటిసారి ఒక 30 కిలోమీటర్లు వెళ్లాక ఆగి రెంచీ తీసుకుని ప్రతి బోల్టూ, టర్న్ బకిల్ మళ్లీ బిగించండి. కొత్త చెక్క నలుగుతుంది, నట్లు వదులవుతాయి, తర్వాత కూడా ప్రతి ప్రయాణానికి ముందు టర్న్ బకిల్స్‌ను చేత్తో పట్టి ఊపి చూడాలి. సీజన్ అయిపోయాక డెక్ దించేటప్పుడు టర్న్ బకిల్స్ విప్పి, నాలుగు మూలలా నలుగురు ఉండి గానీ, పైకప్పుకు కట్టిన చెయిన్ బ్లాక్‌తో గానీ ఎత్తి ట్రక్కును ముందుకు నడపండి. కాళ్ల కింద రబ్బరు ఉన్న చోట తొట్టి పెయింటు ఎలా ఉందో చూసి, ఉప్పు కడిగి, డెక్‌ను నేలకు తగలకుండా దిమ్మల మీద ఎత్తిపెట్టండి.